నిండు ముంత

పోయిన నెలలో మా ఊరి నుంచి నాకొక పటం వచ్చింది. అక్కడ పాత మిషను బడి పడగొడుతున్నారట. గోడకున్న పటాన్ని ఏం చెయ్యాలో తోచక అక్కడి పాస్టరుగారు ఫోన్ చేసి, "ఎస్తేరు టీచరుగారి మేనకోడలు మీరే గనక మీ దగ్గరుంటేనే బాగుంటుందండీ" అన్నారు. నేను సరేననేలోపే దాన్ని గోనెపట్టాలో చుట్టి బెజవాడ వచ్చే బందరు బస్సెక్కించేశారు. బెంజ్ సర్కిల్ దగ్గర దింపుకుని, ఆటోవాడితో బేరమాడి ఇంటికి తెచ్చుకున్నాను. అద్దం మీద చెమ్మ మరకలు. లోపల మెడదాకా గుండీలు పెట్టుకున్న తెల్లావిడ, జుట్టు లాగి ముడేసి, పెదాలు బిగించి కూర్చుంది. కింద ఎవరో ఊరి పెయింటరు తెలుగులో 'అబీగయీలు దొరసానిగారు' అని రాశాడు. మా అపార్టుమెంటులో గోడకి మేకు కొట్టాలంటే ఓనరుతో గొడవ. అందుకని పటాన్ని కుట్టు మిషను మీద నిలబెట్టాను. రెండో రోజు గోడవైపు తిప్పేశాను. ఆవిడ మీద నాకేం కోపం లేదు. ఆవిడ చూస్తూ ఉంటే అన్నం సయించడం లేదు, అంతే. ఎందుకో చెప్పాలంటే ముందు మా అత్తయ్య సంగతి చెప్పాలి.

ఎస్తేరు టీచరు మా నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. కాలవ గట్టున ఉన్న మా ఊళ్ళో మిషను ఎలిమెంటరీ స్కూలుకి హెడ్మిస్ట్రెస్సు, చర్చిలో స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. పాస్టరుగారు సెలవు పెడితే ప్రసంగం కూడా ఆవిడే చేసేది. మా అమ్మ పోయాక, బెజవాడలో రైల్వే గుమస్తాగా ఉన్న నాన్న నన్ను తీసుకెళ్ళి అక్క దగ్గర వదిలేశాడు. నాకప్పుడు ఏడేళ్ళు. బడి ఆవరణలోనే రెండు గదుల పెంకుటిల్లు. ఆ ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలుండేవి: లాంతరు కిరసనాయిలుది, చీరలకి పెట్టిన గంజిది, బైబిళ్ళ పెట్టెలోని కలరా ఉండలది. అయిదింటికి గంట కొట్టి నన్ను లేపేది. ఇంట్లో ఉన్నది ఇద్దరం, మళ్ళీ దానికో గంట. చన్నీళ్ళ స్నానం, మోకాళ్ళ ప్రార్థన, తర్వాత గోళ్ళ తనిఖీ. కంచంలో ఒక్క మెతుకు మిగిలినా ఊరుకునేది కాదు. సిలువ శ్రమల నలభై రోజులూ కాఫీలో పంచదార ఉండేది కాదు. నేను మొహం ముడుచుకుంటే, "దొరసానిగారు ఇలాంటివి ఒప్పుకోరు" అనేది. ఆ దొరసానిగారు పోయి అప్పటికే మూడు తరాలైంది. అయినా మా అత్తయ్య ఆవిణ్ణి పక్క గదిలో ఉన్న అత్తగారి గురించి మాట్లాడినట్టే మాట్లాడేది. నాకు ఒళ్ళు మండేది గానీ పైకి అనే ధైర్యం ఎక్కడిది?

దొరసాని కథ నాకు కంఠతా వచ్చు. అమెరికాలో మంచు కురిసే ఏదో పల్లెటూళ్ళో రైతు కూతురు. పదహారేళ్ళకే ఒంటిగది చెక్కబడిలో పంతులమ్మ. తెల్లారకముందే వెళ్ళి, పొయ్యిలో కట్టెలు తనే పేర్చి, పిల్లలొచ్చేలోగా గది వెచ్చబెట్టేదట. చర్చిలో పిల్లలకి పాటలు నేర్పడం, రోగుల ఇళ్ళకి గంజి మోసుకెళ్ళడం అన్నీ ఆవిడే. కుదిరిన సంబంధం కాదనుకుని ఓడెక్కింది. ఓడ దిగి, కాలవలో పడవ మీద వచ్చి, మా పేటలో తాటాకు పాక వేయించి ఆడపిల్లలకి బడి పెట్టింది. కూలోళ్ళ పిల్లలకి పలకలేమిటని ఎవరో ఆ పాకకి నిప్పు పెడితే, మర్నాడు ఆ బూడిద ఊడ్చి చాప పరిచి పాఠం చెప్పింది. మొదట చేరిన నలుగురు ఆడపిల్లల్లో మా ముత్తవ్వ ఒకతె. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆ చాప మీద మా ముత్తవ్వ కూర్చోకపోతే నేనివాళ ఈ నాలుగు ముక్కలు రాసేదాన్ని కాదు. మా అత్తయ్య భక్తి ఊరికే వచ్చింది కాదు.

దొరసాని మా పేటకి పెట్టిన అలవాట్లలో ఒకటి పిడికెడు బియ్యం. పొయ్యి రాజేసి, ఎసట్లో బియ్యం పోసే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుడి ముంతలో వెయ్యాలి. ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక చిన్న మట్టిముంత ఉండేది. పేటలో సాయంత్రం ఒక్కపూటే వండేవాళ్ళు, పొద్దున చద్దన్నం. అంటే వారానికి ఏడు పిడికిళ్ళు, ముంత మెడదాకా వచ్చేది. శనివారం మధ్యాహ్నం మా అత్తయ్య గొడుగేసుకుని, నేను చేట పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్ళం. ముంత చేటలో వంచగానే అత్తయ్యకి ఆ ఇంటి సంగతి తెలిసిపోయేది. ముంత తగ్గిందంటే ఆ ఇంట్లో అన్నిరోజులు పొయ్యి వెలగలేదని. ఆ ఇంటావిణ్ణి ఏమీ అడిగేది కాదు. సాయంత్రం చర్చి వెనక గదికి పిలిచి, ఆ బియ్యం పోగుచేసిన సంచిలోంచి తవ్వో మానికో కొంగులో పోసి పంపేది. ఇచ్చేటప్పుడు నన్ను కూడా బయటికి పొమ్మనేది. ఆకలిని నోరు తెరిచి చెప్పుకోనక్కర్లేకుండా దొరసాని చేసిన ఏర్పాటది. ఇప్పుడు తల్చుకున్నా ఎంత తెలివైన ఏర్పాటో అనిపిస్తుంది.

దాన్ని చెడగొట్టింది మా అత్తయ్యే. చెడ్డ ఉద్దేశంతో మాత్రం కాదు. నెలకోసారి స్త్రీల సమాజం కూడికలో, ఆ నెలంతా ముంత తగ్గకుండా వేసిన ఆడవాళ్ళని పేరుపేరునా లేపి అందరి చేతా స్తోత్రం చెప్పించడం మొదలుపెట్టింది. పేటలో వాళ్ళని పేరు పెట్టి పిలిచి మెచ్చుకునే చోటు ఇంకెక్కడుంది? చేలోకెళ్తే ఒసే, ఏమే తప్ప మాట లేదు. అందుకని ఆ లేచి నిలబడే అయిదు నిమిషాల కోసం వాళ్ళు ఎదురుచూసేవాళ్ళు. అందరికంటే ఎక్కువసార్లు లేచింది లేయమ్మ. ఆమె కూతురు మార్త నా క్లాసు. మార్త తర్వాత ఇద్దరు పోయి, అప్పటికి ఏడాది నిండని మగపిల్లాడు, సమూయేలు. లేయమ్మ కూలికెళ్ళేది, శనివారాలు చర్చి ఊడ్చేది. మొగుడు బెజవాడ వన్ టౌన్‌లో గోడౌన్ల దగ్గర మూటలు మోస్తానని వెళ్ళి, మొదట్లో నెలకోసారి వచ్చి, తర్వాత రావడం మానేశాడు.

జై ఆంధ్ర గొడవలు సద్దుమణిగిన మరుసటి ఏడు కాబోలు, దాళ్వా అనే రెండో పంటకి నీళ్ళివ్వలేదు. సంక్రాంతి దాటాక చేలల్లో పని లేదు. ఎండలు ముదిరాక కాలవ కూడా కట్టేశారు. ఆ వేసవి మొదట్లోనే దొరసాని జ్ఞాపకార్థ కూడిక వచ్చింది. ఏటా ఆ రోజున ఒక ఆడపిల్ల చర్చిలో నిలబడి ఆవిడ జీవితకథ చూడకుండా అప్పజెప్పాలి. ఆ ఏడు ఆ పిల్లని నేను. పదేళ్ళ దాన్ని. గంజి పెట్టిన తెల్లగౌను, రెండు జడలు, రెండు రిబ్బన్లు. కథలో చివరి ఘట్టం మా అత్తయ్య స్వయంగా రాసి నేర్పింది. దొరసాని చివరి జబ్బులో మంచం మీదుంది, వారం రోజులుగా ఆవిడ కోసం పొయ్యి వెలగలేదు. అయినా రోజూ ఆయా చేత బియ్యం డబ్బా తెప్పించుకుని, వణుకుతున్న చేత్తో పిడికెడు తీసి ముంతలో వేసేది. 'నాకు ఆకలి లేకపోవచ్చు, నా ప్రభువు వాటా తగ్గకూడదు' అంది. ఆ మాట నేను గొంతు వణికించి చెప్పాను. ఆడవాళ్ళందరూ కళ్ళొత్తుకున్నారు. లేయమ్మ ముందు వరసలో చంటివాణ్ణి ఒళ్ళో వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. బయటికొచ్చాక నా గడ్డం పుణికి, "దొరసానే దిగొచ్చి చెప్పినట్టుందమ్మా" అంది. నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

తర్వాత కొన్నాళ్ళకి, బడికి సెలవులిచ్చాక, ఒక పొద్దున కాలవ లోపల తడిగా ఉన్న చోట మార్త పొన్నగంటాకు కోస్తూ కనిపించింది. ఒడి నిండినా ఇంకా కోస్తూనే ఉంది. అంత ఆకెందుకే, మీరేమన్నా మేకని కొన్నారా అని వేళాకోళం చేశాను. అది నవ్వలేదు. ఇంట్లో వారం పైనుంచి పొయ్యి వెలగలేదని, పచ్చి ఆకే ఉప్పేసుకు తింటున్నామని చెప్పింది. పాలు పడక చంటాడు రాత్రీ పగలూ ఏడుస్తున్నాడంది. మరి మొన్న శనివారం మీ ముంత నిండుగానే ఉందిగా అన్నాను. చేటలో వంచినప్పుడు నేనే పట్టుకున్నాను మరి.

"అమ్మ పొయ్యి రాజెయ్యకపోయినా వేస్తది. దొరసాని గూడా అట్టానే వేసిందంటగా, నువ్వేగా చెప్పావు" అంది మార్త. "ఎక్కడన్నా కాసిని నూకలు దొరికినా ముందు ముంతలోకే. మీ అత్తయ్యకి మాత్రం చెప్పమాక. అమ్మకి తెలిసిందంటే నన్ను చంపేస్తది."

చెప్పనని ఒట్టేశాను. బైబిలు మీద ఒట్టు తప్పని మాకు నేర్పారు గనక నెత్తి మీద చెయ్యి పెట్టి వేశాను. ఆ ఒట్టు నిలబెట్టుకోవడం నా జీవితంలో నేను చేసిన అన్నిటికంటే నీచమైన పని. ఒట్టు వేశాను కాబట్టి చెప్పలేదని చాలా ఏళ్ళు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. అసలు సంగతి వేరే ఉంది. చెబితే నా పాఠం తప్పయిపోతుంది. చర్చి మొత్తం మెచ్చుకున్న పాఠం, ఆ గొంతు వణికించిన చోటు. అది విని ఒకావిడ పిల్లాడి నోటి దగ్గరి కూడు తీసి ముంతలో పోస్తోందని నేను అత్తయ్యతో ఎలా చెప్పను? పదేళ్ళదానికి ఇంత ఆలోచన ఉంటుందా అని మీరనుకోవచ్చు. ఉంటుంది. మాటలు ఉండవు గానీ ఆలోచన ఉంటుంది.

ఆ తర్వాత వచ్చిన శనివారం లేయమ్మ వాకిట్లో నిలబడ్డాం. మార్త గడప మీద కూర్చుని నావైపే చూస్తోంది. లేయమ్మ మెడ ఎముకలు రవిక పైకి పొడుచుకొచ్చాయి. ఒంట్లో బాగుండటం లేదా లేయా అని అత్తయ్య అడిగింది. ఎండలండీ అంది ఆవిడ. అత్తయ్య చేటలోకి చూసింది. ఏడు పిడికిళ్ళు, అన్నీ నూకలే అయినా లెక్కకి ఏడు. అత్తయ్య మొహం తేటపడింది. మాట నా నోటిదాకా వచ్చింది. చేట గట్టిగా పట్టుకున్నాను, అంతే. పక్కింటి ముంత సగమే ఉంటే ఆ సాయంత్రం ఆ ఇంటికి మానెడు బియ్యం వెళ్ళాయి. అందులో లేయమ్మ నూకలు కూడా ఉన్నాయి.

మంగళవారం పొద్దున సమూయేలు పోయాడు. విరేచనాలన్నారు. ఆకు పసరు నోట్లో పిండిందేమో, నీళ్ళు పడలేదేమో అని తలోమాటా అన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. చంకలో పట్టేంత పెట్టె. మా అత్తయ్య పాట ఎత్తుకుంది, ఎప్పటిలాగే గొంతు ఎక్కడా జీరపోలేదు. ప్రభువు ఇచ్చాడు, ప్రభువు తీసుకున్నాడు అని లేయమ్మకి చెప్పింది. నేను మార్త పక్కకి వెళ్ళలేదు. అది ఒకసారి నావైపు చూసింది, నేను తల తిప్పుకున్నాను.

మళ్ళీ శనివారం వచ్చింది. చావింటికి ఈ వారం వెళ్ళొద్దనుకుంది అత్తయ్య. మేం దాటిపోతుంటే లేయమ్మే ముంత పట్టుకుని బయటికొచ్చింది. ముంత నిండుగా ఉంది. అది చూసి అత్తయ్య ఆగిపోయింది. పిల్లాణ్ణి పూడ్చిన వారంలో పక్కింటివాళ్ళు పెట్టింది తింటారు గానీ ఎవరూ పొయ్యి వెలిగించరు. ఏడు పిడికిళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి? అత్తయ్య గొడుగు మడిచి నా చేతికిచ్చి, వంగి ఆ గుడిసెలోకి వెళ్ళింది. అన్నేళ్ళలో ఆవిడ ఆ పేటలో ఎవరి గడపా దాటి లోపలికి వెళ్ళగా నేను చూడలేదు. పొయ్యి దగ్గర కూర్చుని బూడిదలో చెయ్యి పెట్టింది. బూడిద గట్టిపడి, అందులో చీమలు పుట్ట పెట్టాయి.

"ఎన్నాళ్ళయిందే?" అంది అత్తయ్య.

"ఇరవై రోజులు దాటిందండీ" అంది లేయమ్మ. "దేవుడిది మాత్రం తగ్గించలేదండీ టీచరమ్మగారూ" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. మెచ్చుకుంటారేమోనని చూసినట్టు చూసింది.

మా అత్తయ్య పుల్లలు తెమ్మని నాకు చెప్పింది. గంజి పెట్టిన తెల్లచీర కుచ్చిళ్ళు మసిలో పొర్లుతుంటే, తనే ఊది ఊది పొయ్యి రాజేసింది. దేవుడి ముంతలోని బియ్యం మొత్తం, ఒక్క పిడికెడు కూడా పక్కకి తియ్యకుండా, ఎసట్లో పోసింది. లేయమ్మ అడ్డం రాబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వార్చిన అన్నం తల్లికీ కూతురికీ తన చేత్తో పెట్టింది. మార్త రెండు చేతులతో తింది. లేయమ్మ మూడు ముద్దలు తిని, "వాడికి ముట్టలేదండీ" అని కంచం జరిపేసింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. పొగ కళ్ళల్లోకి వచ్చిందని నటించాల్సిన అవసరం కూడా లేకపోయింది, నావైపు ఎవరూ చూడలేదు.

ఇంటికి తిరిగొచ్చేదాకా అత్తయ్య గొడుగు తెరవలేదు. వాకిట్లో కాళ్ళు కడుక్కుంటుంటే నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి మొత్తం చెప్పేశాను. కాలవ దగ్గరి మాట, ఒట్టు, చేట, అన్నీ. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చెంబు కింద పెట్టింది.

"నువ్వు చెప్పినా నేను నమ్మేదాన్ని కాదులేవే" అంది. "ముంత నిండుగా ఉందిగా అనేదాన్ని."

ఆ తర్వాత మా ఇంట్లో చాలా మారాయి, పైకి ఏమీ మారలేదు. అయిదింటి గంట మోగేది. పిడికెడు బియ్యం కూడా ఆగలేదు. కానీ అత్తయ్య వాకిట్లో నిలబడటం మానేసి ప్రతి గుడిసెలోకీ వంగి వెళ్ళి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసేది. పేర్లు చదివి లేపడం ఆపేసింది. జ్ఞాపకార్థ కూడికలో కథ బూడిదలో పరిచిన చాప దగ్గరే ముగిసేది, జబ్బు ఘట్టం లేదు. ఆ ఘట్టం నిజంగా జరిగిందా, ఎవరన్నా కల్పించారా అని నేను పెద్దయ్యాక అత్తయ్యని అడిగాను. మా నాయనమ్మ చెప్పేది, ఆవిడకెవరు చెప్పారో నాకు తెలీదు అంది. సిలువ శ్రమల రోజులు పోయినా అత్తయ్య మళ్ళీ కాఫీలో పంచదార వేసుకోలేదు. లేయమ్మ మరో నాలుగేళ్ళు బతికింది. మార్తని గుంటూరులో నర్సు ట్రైనింగుకి పంపే ఏర్పాట్లన్నీ అత్తయ్యే చూసింది. దాని గురించి ఎవరన్నా పొగిడితే లేచి వెళ్ళిపోయేది.

ఇవాళ బియ్యం బస్తా ఫోనులో నొక్కితే గుమ్మంలోకి వస్తోంది. నేను వెళ్ళే చర్చిలో కానుకకి కూడా గోడ మీద ఫోనుతో డబ్బు పంపే చదరపు బొమ్మ అంటించారు. పక్క ఫ్లాటులో పొయ్యి వెలిగిందో లేదో నాకు తెలీదు, నా సంగతి వాళ్ళకీ తెలీదు. ఆ కాలమే మేలని నేననను. ఆకలికి అంత దగ్గరగా, అంత శ్రద్ధగా చూసి కూడా కనుక్కోలేని కాలం అది. ఇప్పుడు ఎవరూ చూడను కూడా చూడరు. ఎటు తూచినా నాకు దిగులే మిగులుతోంది. ఇన్నేళ్ళూ నేను పట్టుకు వేళ్ళాడింది అత్తయ్య అన్న ఆ ఒక్క ముక్కనే. నువ్వు చెప్పినా నమ్మేదాన్ని కాదు. అంటే నేను చెప్పకపోవడం వల్ల పోయిందేమీ లేదని.

అత్తయ్య తన ఎనభై మూడో ఏట పోయింది. ఊళ్ళోనే, మిషను సమాధుల దొడ్లో పెట్టాం. గుణదలలో కాపురముంటున్న మార్త హాస్పిటలు డ్యూటీ మార్చుకుని వచ్చింది. నెరిసిన జుట్టు, నల్ల ఫ్రేము కళ్ళజోడు, పెద్ద సిస్టరుగా రిటైరు కాబోతోంది. మన్ను వేసి వచ్చి ఇద్దరం బోరింగు దగ్గర చేతులు కడుక్కున్నాం. నేను కొడుతున్నాను, అది కడుక్కుంటోంది. ఏడుపు దిగమింగుకోలేక, దాదాపు యాభై ఏళ్ళుగా అనని మాట అనేశాను. ఆవేళ నువ్వన్న సంగతి అత్తయ్యకి చెప్పకపోవడం నా తప్పే మార్తా, కానీ చెప్పినా నమ్మేదాన్ని కాదని అత్తయ్యే అంది అన్నాను. మార్త చేతులు కడగడం ఆపి నా మొహంలోకి చూసింది.

"చెప్పలేదా?" అంది.

నువ్వేగా చెప్పొద్దన్నావు, ఒట్టు కూడా వేయించుకున్నావు అన్నాను.

"చెప్పావనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆవిడ తెలిసీ ఊరుకుందనుకున్నాను. సాయంత్రం పిలుస్తదేమో, బియ్యం ఇస్తదేమోనని ఆ శనివారమంతా గడప మీదే కూచున్నా" అంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. గొంతు పెంచలేదు. "చెప్పమాకని అన్నాలే. మా అమ్మ పరువు, అట్టా అనాలిగా. కానీ నువ్వు చెబుతావనే గదా నీతో అన్నాను. నీకు గాక ఆవిడింట్లో ఇంకెవరికి చెప్పను?"